కోన్ ఫిల్టర్ పెట్టాక బండి ఎందుకు మూలుగుతోంది?

పాఠకుల ప్రశ్నలు, జవాబులు

2020 ఏప్రిల్‌లో బీఎస్-6 పొగ నిబంధనలు వచ్చాక షోరూముల్లో కార్బురేటర్ (గాలీ పెట్రోలూ కలిపి ఇంజిన్‌కి పంపే భాగం) ఉన్న బండి దాదాపు కనిపించడం మానేసింది. ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో మాత్రం ఇప్పటికీ దాని గొడవే ఎక్కువ. పాత పల్సర్లు, స్ప్లెండర్లు, బుల్లెట్లు సెకండ్ హ్యాండ్‌లో కుర్రాళ్ళ చేతికొస్తున్నాయి, ఫోన్లో వీడియో చూసి స్క్రూడ్రైవర్ పట్టుకుంటున్నారు. మంచిదే, కార్బురేటర్ ఇంట్లో కూర్చుని నేర్చుకోదగ్గ పనే. కాకపోతే ఉన్నది సరిగ్గా పనిచేస్తోందో లేదో చూసుకోకుండా మార్చడానికి దిగితే ఏ లోపం ఎక్కడిదో ఇక తేలదు. ఈసారి జవాబుల్లో ఈ మాట పదే పదే వస్తుంది, విసుక్కోవద్దు.

అన్నా, నాది 2013 పల్సర్ 220. ఫిల్టర్ బాక్సు మొత్తం పీకేసి కార్బురేటర్‌కి నేరుగా కోన్ ఫిల్టర్ (శంకు ఆకారపు గాలి ఫిల్టర్) బిగించాను. సౌండ్ అదిరింది. కానీ యాభై, డెబ్భై మధ్యలో బండి లాగట్లేదు, ఎక్స్‌లేటర్ వదిలితే సైలెన్సర్లో టపటపా పేలుతోంది. మెయిన్ జెట్ పెంచుదాం అంటున్నాడు మెకానిక్. ఎంత నంబరు వేయించాలి?
– ఇంజినీరింగ్ విద్యార్థి, గుంటూరు

తమ్ముడూ, నంబరు చెప్పను. దాచుకోవడం కాదు, నువ్వు చెప్పిన రోగానికి మెయిన్ జెట్ మందే కాదు (జెట్టంటే పెట్రోల్‌ని కొలిచి వదిలే సన్న రంధ్రమున్న ఇత్తడి ముక్క).

ఎక్స్‌లేటర్ ఎంత తిప్పావన్న దాన్ని బట్టి కార్బురేటర్‌లో ఒక్కోచోట ఒక్కో భాగం పెట్రోల్ ఇస్తుంది. స్లోలోనూ (ఎక్స్‌లేటర్ వదిలేసినా ఇంజిన్ నడిచే వేగం), కొంచెం తిప్పినప్పుడూ పైలట్ జెట్టు. పావు నుంచి ముప్పావు దాకా పెత్తనం నీడిల్‌ది, అంటే ఇత్తడి గొట్టంలో పైకీ కిందికీ కదిలే సూదిది. ముప్పావు దాటి పూర్తిగా తిప్పినప్పుడే మెయిన్ జెట్టు లెక్కలోకొస్తుంది. సీవీ కార్బురేటర్‌లో (అదేంటో కింద చెబుతాను) ఈ హద్దులు కాస్త అటూ ఇటూ అవుతాయి గానీ వరస ఇదే. నీ బండి ఇబ్బంది పెడుతున్నది మధ్యలో. అక్కడ మెయిన్ జెట్ పెంచితే పై స్పీడులో పెట్రోల్ తాగుతుంది, మధ్యలో గుంట అలాగే ఉంటుంది, అప్పుడు ఇంకో సైజు పెంచుదాం అంటారు.

220లో ఉన్నది వాక్యూమ్ మీద నడిచే సీవీ రకం. (2007లో ఈ బండి ఫ్యూయల్ ఇంజెక్షన్‌తో వచ్చి 2009లో మళ్ళీ కార్బురేటర్‌కి మారింది, అలా వెనక్కి నడిచిన బండ్లు అరుదు.) నువ్వు ఎక్స్‌లేటర్ తిప్పితే తెరుచుకునేది లోపలి బటర్‌ఫ్లై అనే రేకు తలుపు మాత్రమే. నీడిల్‌ని పట్టుకుని ఉండే పిస్టన్‌ని పైకి లేపేది గాలి ఒత్తిడిలో తేడా. ఆ పని చేసేది ఒక పల్చటి రబ్బరు డయాఫ్రం. దానికి ఫిల్టర్ బాక్సులో ఉండే నిదానమైన గాలి అలవాటు. బాక్సు తీసేసి కోన్ పెడితే ఎదురుగాలి, పక్క లారీ గాలి, ఇంజిన్ వేడిగాలి అన్నీ నేరుగా వచ్చి కొడతాయి, పిస్టన్ తిన్నగా లేవదు. అందుకే స్లయిడ్ కార్బురేటర్ (ఎక్స్‌లేటర్ కేబులే నేరుగా పిస్టన్‌ని లేపే రకం) బండిమీద ఓ మాదిరిగా కుదిరే కోన్, సీవీ మీద తలనొప్పి అవుతుంది.

ఇంకోటి చూడు. కోన్ విప్పి కార్బురేటర్ నోరు చూస్తే పెద్ద రంధ్రం చుట్టూ చిన్న చిన్న రంధ్రాలుంటాయి. పైలట్‌కీ, మెయిన్‌కీ, డయాఫ్రం అడుగుకీ గాలి వెళ్ళేది వాటిగుండానే. చవక కోన్ ఫిల్టర్ల రబ్బరు అంచు లోపలికి మందంగా ఉండి వీటిలో ఒకటో రెండో మూసేస్తుంది. అదే జరిగి ఉంటే నువ్వు ఎన్ని జెట్లు మార్చినా లాభం లేదు. అంచు మీద ఆ రంధ్రాల అచ్చు పడి ఉంటే సంగతి అదే.

పేలుడు సంగతికొస్తే, ఎక్స్‌లేటర్ వదిలినప్పుడు టపటపమంటే స్లో దగ్గర పెట్రోల్ పలచన (గాలికి తగినంత పెట్రోల్ అందట్లేదు), లేదా ఎక్కడో గాలి దొంగగా దూరుతోంది. బాక్సు పీకినప్పుడు దానిలోకి వెళ్ళే గొట్టాలేం చేశావు? ఇంజిన్ లోపలి ఆవిర్లు బయటికి వదిలే బ్రీదర్ గొట్టం సాధారణంగా అందులోకే పోతుంది, సైలెన్సర్ వైపు తాజా గాలి పంపే గొట్టం ఉన్న బండ్లలో అదీ అక్కడి నుంచే. వాటిని గాలికి వదిలేస్తే ఇంజిన్ దుమ్ము పీలుస్తుంది, సైలెన్సర్ పేలుతుంది. కార్బురేటర్‌కీ ఇంజిన్‌కీ మధ్య రబ్బరు పగిలినా ఇదే లక్షణం. బండి స్లోలో ఉంచి ఆ రబ్బరు చుట్టూ స్ప్రే బాటిల్‌తో కొంచెం నీళ్ళు కొట్టి చూడు. రేసు (ఇంజిన్ తిరిగే వేగం) మారిందంటే లీకు దొరికినట్టే.

నా సలహా, బాక్సు మళ్ళీ బిగించు, లోపల కొత్త ఒరిజినల్ ఫిల్టర్ వేయి, వారం తిరుగు. అప్పుడు బండి సాఫీగా లాగితే ఇన్నాళ్ళూ నువ్వు సౌండ్ కోసం పికప్ అమ్ముకున్నావని అర్థం. ఇంజిన్ దగ్గర గుర్రుమనే శబ్దం పెరిగితే పవర్ పెరిగినట్టే అనిపిస్తుంది, చెవులు చేసే మోసం అది. అయినా కోన్ కావాల్సిందే అంటావా, అప్పుడు వరస ఇది: ముందు పైలట్ స్క్రూ (స్లో దగ్గర మిక్చర్ సర్దేది), తర్వాత నీడిల్, అన్నిటికన్నా చివర మెయిన్ జెట్టు. సీవీ నీడిల్‌కి చాలా బండ్లలో గాడి ఒకటే ఉంటుంది, క్లిప్ జరపడానికి చోటుండదు, కాబట్టి క్లిప్ కింద అర మిల్లీమీటరు వాషర్ వేసి నీడిల్ లేపుతారు. ఒకసారికి ఒకటే మార్చు. రెండు కలిపి మారిస్తే ఏది పనిచేసిందో ఎవడికీ తెలీదు. ఎక్స్‌లేటర్ గ్రిప్ పక్కన వైట్‌నర్‌తో పావు, సగం, ముప్పావు దగ్గర చుక్కలు పెట్టుకుంటే బండి ఏ చుక్క దగ్గర తడబడుతోందో నీకే కనిపిస్తుంది.

నా స్ప్లెండర్ మైలేజీ బాగా పడిపోయింది. ఫిల్టర్ తీసి తిరిగితే పికప్ బాగుంది. మెకానిక్ ఫిల్టర్ డబ్బాకి రంధ్రాలు వేసి, చిన్న జెట్టు పెడితే 80 ఇస్తుందంటున్నాడు. రోజూ పాల క్యాన్లతో పల్లె రోడ్ల మీద తిరగాలి. చేయించమంటారా?
– పాల వ్యాపారి, మహబూబ్‌నగర్ జిల్లా

చేయించొద్దండీ. మీ ఉత్తరంలోనే జవాబుంది. ఫిల్టర్ తీస్తే బండి బాగా నడిచిందంటే ఫిల్టర్ మూసుకుపోయిందన్నమాట. గాలి తక్కువై పెట్రోల్ ఎక్కువై బండి తాగుతోంది. కొత్త ఫిల్టర్ వేయించండి, కొన్ని వందల్లో పోయేది. నూనె పట్టించిన కాగితం ఫిల్టర్ అయితే గాలి కొట్టించి మళ్ళీ వాడొద్దు, మార్చడమే. స్పాంజి రకమైతే కిరోసిన్‌లో కడిగి, పిండి, ఆరాక ఇంజిన్ ఆయిల్ కొంచెం పట్టించి, మళ్ళీ బాగా పిండి పెట్టాలి. మెలితిప్పి పిండితే చిరుగుతుంది, అరచేతుల మధ్య నొక్కండి.

రంధ్రాలు మాత్రం వద్దు. ఫిల్టర్‌ని దాటి మట్టి లోపలికి పోయే దారి ఒక్కటి ఏర్పడినా చాలు. మన ఎర్రమట్టి రోడ్ల దుమ్ములో ఇసుక ఉంటుంది, అది పిస్టన్ రింగులకీ సిలిండర్ బోరుకీ మధ్య చేరి సానబడుతుంది. కొన్నాళ్ళకి నీలం పొగ, ఆయిల్ తగ్గడం, ఆ తర్వాత బోరు పని. అది వందల్లో తేలేది కాదు.

చిన్న జెట్టు సంగతి. గాలీ పెట్రోలూ బరువులో సుమారు 14.7కి 1 ఉంటే పెట్రోల్ మొత్తం కాలుతుంది. కంపెనీ జెట్టు ఆ లెక్కకు దగ్గరగానే ఉంటుంది. అంతకన్నా పలచన చేస్తే మొదట్లో మైలేజీ ఒకటో రెండో పెరిగినట్టు కనిపిస్తుంది, కానీ పాల క్యాన్లతో ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజిన్ కాగిపోతుంది, టకటకమని కొట్టుకుంటుంది, ఎగ్జాస్ట్ వాల్వు దెబ్బతింటుంది. మీరు ఇంకాస్త ఎక్స్‌లేటర్ తిప్పుతారు కాబట్టి ఆ పెరిగిన మైలేజీ కూడా నిలవదు.

ఫిల్టర్ మార్చాక కూడా మైలేజీ రాకపోతే ఇవి చూడండి. స్టాండు వేసి వెనక చక్రం చేత్తో తిప్పితే తేలిగ్గా తిరుగుతోందా, బ్రేకు పట్టేసిందా. టైర్లలో గాలి. చోక్ పూర్తిగా వెనక్కి వస్తోందా (కేబుల్ తుప్పు పట్టి సగంలో ఆగిపోవడం చాలా బండ్లలో చూస్తాం). ఇవన్నీ బాగుంటే కార్బురేటర్‌లో నీడిల్, అది దూరే ఇత్తడి గొట్టం అరిగాయేమో చూడాలి. ఏళ్ళ తరబడి నీడిల్ అదురుతూ రాసుకుని ఆ గొట్టం రంధ్రం గుండ్రం పోయి కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది, పక్కనుంచి పెట్రోల్ పోతుంది. జెట్టు నంబరు మారకుండానే బండి తాగడం మొదలెట్టేది ఇలాగే. నీడిల్, గొట్టం జతగా దొరుకుతాయి, జతగానే మార్చాలి.

బుల్లెట్ స్టాండర్డ్ 350, పాత క్యాస్ట్ ఐరన్ ఇంజిన్. స్లో ఎంత పెట్టించినా రెండు రోజులకి ఆగిపోతోంది. ప్రతిసారీ షాపుకి వెళ్ళలేక ఇంట్లోనే చేసుకుందామనుకుంటున్నా. ఎయిర్ స్క్రూ ఎన్ని చుట్లు ఉంచాలి?
– రిటైర్డ్ ఉపాధ్యాయుడు, అనంతపురం

మాస్టారూ, చుట్ల లెక్క ఎవరు చెప్పినా అది మొదలుపెట్టడానికే. ఒకటిన్నర దగ్గర మొదలుపెట్టండి, మిగతాది ఇంజిన్ చెబుతుంది.

ముందు ఏ స్క్రూ ఏదో తేల్చుకోవాలి, సగం గందరగోళం ఇక్కడే. మీ కార్బురేటర్‌లో స్ప్రింగుతో ఉండి స్లయిడ్‌ని పైకి తోసేది స్లో స్క్రూ. ఫిల్టర్ వైపున్న చిన్నది ఎయిర్ స్క్రూ. ఇది లోపలికి బిగిస్తే గాలి తగ్గి పెట్రోల్ చిక్కబడుతుంది, బయటికి తీస్తే పలచబడుతుంది. సీవీ కార్బురేటర్లలో మిక్చర్ స్క్రూ (పైలట్ స్క్రూ అన్నా అదే) ఇంజిన్ వైపుంటుంది, దాని వరస సరిగ్గా దీనికి తిరగేసి: బయటికి తీస్తే చిక్కన. సీవీ బండి వీడియో చూసి బుల్లెట్ తిప్పేవాళ్ళు పొరపడేది ఇక్కడే.

బండిని పది పదిహేను నిమిషాలు నడిపి బాగా వేడెక్కించండి. చల్లటి ఇంజిన్ మీద చేసిన ట్యూనింగ్ మధ్యాహ్నానికి పనికిరాదు. స్లో కొంచెం ఎక్కువ పెట్టండి. ఎయిర్ స్క్రూని చుట్లు లెక్కపెడుతూ నెమ్మదిగా చివరిదాకా బిగించి, ఆ లెక్క గోడ మీదో కాగితం మీదో రాసుకోండి, ఏమన్నా తేడా వస్తే వెనక్కి రావడానికి. గట్టిగా మాత్రం బిగించొద్దు, దాని కొన పెన్సిల్ ములుకులా సన్నగా ఉంటుంది, ఒత్తితే దానిమీద గాడి పడుతుంది, ఆ తర్వాత ఏ లెక్కా కుదరదు. ఒకటిన్నర చుట్టు బయటికి తీసి స్టార్ట్ చేసి, పావు చుట్టు చొప్పున అటూ ఇటూ తిప్పండి. ఒకచోట రేసు దానంతటదే పెరిగి ఇంజిన్ సాఫీగా కొట్టుకుంటుంది. అక్కడ ఆపి స్లో స్క్రూ తగ్గించండి. మళ్ళీ ఎయిర్ స్క్రూ. ఇలా రెండు మూడుసార్లు. చివరగా ఎక్స్‌లేటర్ చటుక్కున తిప్పి వదిలితే తడబడకుండా లేచి, వెంటనే స్లోకి దిగాలి. రేసు పైనే వేలాడి మెల్లగా దిగుతుంటే పలచన. స్లో కంటే కిందికి జారి మళ్ళీ సర్దుకుంటే చిక్కన.

ఇందులో ఒక గుర్తుంది. ఎయిర్ స్క్రూ దాదాపు మొత్తం బిగిస్తే తప్ప బాగుండటం లేదంటే పైలట్ జెట్టు మూసుకుపోయి ఉంటుంది, అది శుభ్రంగా ఉంటే ఒక సైజు పెద్దది కావాలి. మూడు చుట్లు తీసినా తేడా లేదంటే పైలట్ పెద్దదైనట్టు, లేదా ఫిల్టర్ మూసుకుపోయినట్టు.

మీ బండి రెండు రోజులకే మారిపోతోందంటే నాకు మాత్రం స్క్రూల మీద అనుమానం తక్కువ. స్లో స్క్రూ స్ప్రింగు మెత్తబడి అదురుకి స్క్రూ తిరిగిపోతోందేమో ముందు చూడండి. దాని తల మీద, పక్కన బాడీ మీద కలిపి మార్కర్‌తో ఒక గీత గీస్తే రెండో రోజుకి తెలిసిపోతుంది. తర్వాత కార్బురేటర్‌లో స్లయిడ్ లూజుగా కదులుతోందేమో, వాల్వు గ్యాప్, ప్లగ్గు. పొల్యూషన్ సెంటర్‌కి వెళ్ళినప్పుడు కాగితం జేబులో పెట్టుకుని రాకుండా అందులో సీఓ (కార్బన్ మోనాక్సైడ్) ఎంతుందో చూడండి. బీఎస్-4కి ముందటి, 2000 తర్వాతి ఫోర్‌స్ట్రోక్ బండికి 3.5 శాతం దాకా అనుమతి ఉంది, అంతకు దగ్గరగా వస్తే స్లో దగ్గర మిక్చర్ చిక్కగా ఉందన్నమాట. అంత చవకగా దొరికే మీటర్ ఇంకోటి లేదు. కాకపోతే అది స్లో గురించే చెబుతుంది, మెయిన్ జెట్ గురించి కాదు.

స్కూటీ పెప్ ప్లస్ ఏడాదిగా షెడ్డులో పడి ఉంది. చోక్ వేస్తే స్టార్ట్ అవుతుంది, తీస్తే ఆగిపోతుంది. కార్బురేటర్ నేనే విప్పుదామనుకుంటున్నా, ఇంట్లో అందరూ వద్దంటున్నారు.
– గృహిణి, విజయనగరం

విప్పండి. మీరు చెప్పిన లక్షణం పైలట్ జెట్టు మూసుకుపోయిందనే. నిలవున్న పెట్రోల్ ఆవిరైపోయి జిగురు మిగులుతుంది. పైలట్ జెట్టు రంధ్రం అర మిల్లీమీటరు కూడా ఉండదు, అందుకని ముందు మూసుకునేది అదే.

పని ఆరుబయట పెట్టుకోండి. వంటింటి పక్క బాల్కనీ వద్దు, దేవుడి గది దీపం, అగరుబత్తి, ఇన్వర్టర్ ఏవీ దగ్గరలో ఉండకూడదు. పెట్రోల్ ఆవిరి బరువుగా నేలమీదే పాకుతుంది, గది అవతల మంటని కూడా అందుకుంటుంది. విప్పే ముందు కార్బురేటర్ అడుగున ఉన్న డ్రెయిన్ స్క్రూ వదులు చేసి, కారిన పెట్రోల్‌ని గాజు సీసాలో పట్టి కాసేపు నిలబెట్టండి. అడుగున ముత్యాల్లా నీటి బొట్లు కనిపిస్తే ట్యాంకు కూడా కడిగించాలి, లేకపోతే ఈ శ్రమంతా వారంలో వృథా.

విప్పుతూ ప్రతి మెట్టుకీ ఫోన్లో ఫోటో తీసుకోండి. స్క్రూడ్రైవర్ సరిగ్గా పట్టేది వాడండి, బలంగా లోపలికి నొక్కి తిప్పండి. ఆ స్క్రూలు మెత్తన, తల చెరిగిపోతే బయటికి తీయడం పెద్ద పని. జెట్లు ఇత్తడివి. సూదులు, పిన్నీసులు, స్టీలు తీగలు వాటిలో దూర్చొద్దు, రంధ్రం పెద్దదైతే జెట్టు నంబరే మారిపోయినట్టు. కరెంటు వైరులో ఉండే సన్నటి రాగి పోగు ఒక్కటి తీసి మెల్లగా పోనివ్వండి. జెట్టుని కంటికి ఎదురుగా పెట్టి వెలుతురులో చూస్తే గుండ్రంగా వెలుగు చుక్క కనపడాలి. కార్బురేటర్ క్లీనర్ స్ప్రే కొట్టేటప్పుడు కళ్ళద్దాలు పెట్టుకోండి, ఒక రంధ్రంలో కొడితే ఇంకో రంధ్రం నుంచి నేరుగా మొహం మీదికి వస్తుంది. ఫ్లోట్ (గిన్నెలో పెట్రోల్ మట్టాన్ని నిలిపే తేలే భాగం), రబ్బరు భాగాలు ముందే తీసి పక్కన పెట్టండి, ఆ స్ప్రేకి రబ్బరు ఉబ్బుతుంది. ఆఖర్న ఖాళీ బాడీని పంక్చర్ షాపుకి తీసుకెళ్ళి గాలి కొట్టించుకుంటే సరి.

బిగించాక పెట్రోల్ అడుగు గొట్టం నుంచి కారుతుంటే ఫ్లోట్ వాల్వు కొనమీద చెత్త ఉండొచ్చు, లేదా కొన అరిగి చుట్టూ గీత పడి ఉండొచ్చు. గోటితో రాస్తే ఆ గీత తగులుతుంది.

ఈ20 పెట్రోల్ వచ్చాక నా 2010 యూనికార్న్ పొద్దున్నే ఒక పట్టాన స్టార్ట్ కావట్లేదు, మైలేజీ కూడా తగ్గింది. జెట్టు పెంచాలా?
– రాజమహేంద్రవరం

కొంత నిజం ఉంది. ఈ20 అంటే ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. మామూలు పెట్రోల్‌కి గాలి లెక్క 14.7 అయితే ఇథనాల్‌కి 9. ఇరవై శాతం కలిస్తే సుమారు 13.5 అవుతుంది. అంటే అదే గాలికి పెట్రోల్ కొంచెం ఎక్కువ కావాలి. ఇంజెక్షన్ బండి సెన్సర్ చూసి తానే సర్దుకుంటుంది, కార్బురేటర్‌కి ఆ తెలివి లేదు, కాబట్టి మిక్చర్ కొంచెం పలచబడుతుంది. ఈ10 నుంచి ఈ20కి తేడా నాలుగు శాతం దగ్గర. జెట్టు రంధ్రం వైశాల్యం వ్యాసానికి వర్గంలో పెరుగుతుంది కాబట్టి నాలుగు శాతం కోసం వ్యాసం రెండు శాతం పెరిగితే చాలు. కీహిన్ కంపెనీ జెట్టు నంబరు వ్యాసాన్ని చెబుతుంది, 100 అంటే ఒక మిల్లీమీటరు, కాబట్టి 100 ఉన్నచోట 102 అయితే సరిపోతుంది. నేరుగా 110 వేసేవాళ్ళున్నారు, అది 21 శాతం! (మికుని షడ్భుజి జెట్లలో నంబరు ప్రవాహాన్ని చెబుతుంది, రెండు కంపెనీల నంబర్లు పక్కపక్కన పెట్టి పోల్చొద్దు.)

నేనైతే జెట్టు దాకా వెళ్ళను. పైలట్ స్క్రూ పావు నుంచి అర చుట్టు బయటికి తీసి చూడండి, పొద్దున స్టార్టింగ్ అక్కడే సర్దుకుంటుంది. మైలేజీ మాత్రం పూర్తిగా తిరిగి రాదు, ఇథనాల్‌లో లీటరుకి శక్తే తక్కువ, ఏ జెట్టూ దాన్ని పూడ్చలేదు. నిజంగా భయపడాల్సింది రబ్బర్ల గురించి. ఈ20ని తట్టుకునే భాగాలతో బండ్లు రావడం 2023 నుంచి. మీది అంతకు ముందుది కాబట్టి పెట్రోల్ పైపు, ఫ్లోట్ గిన్నె రింగు, ఫ్లోట్ వాల్వు కొన గట్టిపడ్డాయో ఉబ్బాయో ఏడాదికోసారి చూసుకోండి. వానాకాలంలో సగం ట్యాంకుతో నెలలు నిలబెట్టొద్దు, ఇథనాల్ తేమని లాగి నీళ్ళతో కలిసి అడుగుకి చేరుతుంది.

ఆర్‌ఎక్స్ 100 కొన్నాను సార్. 24 ఎంఎం కార్బురేటర్, ఎక్స్‌పాన్షన్ చాంబర్ (ఉబ్బెత్తు సైలెన్సర్), కోన్ ఫిల్టర్ మూడూ ఒకేసారి వేసేద్దామని ప్లాన్.
– హైదరాబాద్, మలక్‌పేట

1985 నుంచి 1996 దాకా వచ్చిన బండి, ఈరోజు మంచి పిస్టన్ సెట్టు దొరకడమే కష్టం, దాన్ని ప్రయోగశాల చేస్తారా? చేసేది ఖాయమనుకుంటే టూ స్ట్రోక్‌లో ఒక సంగతి గుర్తుంచుకోండి. ఫోర్‌స్ట్రోక్ పలచనైతే వేడెక్కి సణుగుతుంది, టూ స్ట్రోక్ పలచనైతే పిస్టన్ పట్టేస్తుంది. అది కూడా హైవే మీద, ఫుల్ ఎక్స్‌లేటర్‌లో.

కాబట్టి టూ స్ట్రోక్‌లో మెయిన్ జెట్టు ఎప్పుడూ పైనుంచి కిందికి రావాలి. కావాల్సినదానికన్నా పెద్దది వేసి, పైన గొంతు పట్టినట్టు బొర్రుమంటుంటే ఒక్కో సైజు తగ్గించుకుంటూ ప్లగ్గు చూసుకోవాలి. ఖాళీ రోడ్డు మీద ఫుల్‌లో కాసేపు లాగి, ఒక్కసారిగా కిల్ స్విచ్ కొట్టి, క్లచ్ పట్టి పక్కకి ఆగి అప్పుడు విప్పిన ప్లగ్గే నిజం చెబుతుంది, స్లోలో ఇంటిదాకా వచ్చాక చూసిందానికి విలువ లేదు. బిస్కెట్ రంగు మంచిది, తెల్లగా ఉంటే ఆగిపోండి. ఈ రోజుల్లో ఇథనాల్ వల్ల రంగు మునుపటికన్నా లేతగానే వస్తుంది, అది కూడా దృష్టిలో పెట్టుకోండి.

పెద్ద కార్బురేటర్ వల్ల కింది స్పీడులో గాలి వేగం తగ్గి బండి మొద్దుబారుతుంది, సిటీ ట్రాఫిక్‌లో అదే మీకు ఎక్కువ పని. ఇంకోటి, కార్బురేటర్ మారిస్తే ఆయిల్ పంపు కేబుల్ సంగతి చూడండి. ఎక్స్‌లేటర్ కేబుల్‌తో అది జతపడి ఉంటుంది, పొడవు తేడా వస్తే పంపు గుర్తులు కలవవు, ఆయిల్ తక్కువ పోస్తుంది. మూడూ ఒకేసారి కాదు. చాంబర్ ముందు, దానికి జెట్టు కుదిరాక మిగతావి.

బీఎస్-6 బండికి కోన్ ఫిల్టర్, సౌండ్ సైలెన్సర్ వేస్తే పోలీసులు ఏమంటారు?
– హనుమకొండ

పోలీసుల కన్నా ముందు బండే అంటుంది, ఇంజెక్షన్ లెక్కలు ఫ్యాక్టరీ బాక్సుని, సైలెన్సర్‌ని చూసి రాసినవి. ఆక్సిజన్ సెన్సర్ కొంతవరకు సర్దుతుంది, ఆపైన చెక్ లైటు, ఆపైన వారంటీ గొడవ.

చట్టం సంగతికొస్తే, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ స్పెసిఫికేషన్‌కి విరుద్ధంగా బండిని మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్‌లో ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. శబ్దం, పొగ నిబంధనలు దాటితే 190(2) కింద 10,000 దాకా పడొచ్చు. జెట్టు మార్చినవాణ్ణి రోడ్డు మీద ఎవరూ పట్టుకోరు గానీ సైలెన్సర్ మాత్రం దానంతటదే అరిచి పట్టిస్తుంది. ప్రమాదం జరిగితే బండిలో చేసిన మార్పు చూపించి ఇన్సూరెన్స్ వాళ్ళు కొర్రీ వేయొచ్చు, ఇది కుర్రాళ్ళకి తోచదు.

కార్బురేటర్ క్లాసిక్ 350 మీద జూన్‌లో లద్దాఖ్ వెళ్తున్నాం. పైన ఊపిరాడదంటున్నారు. జెట్లు మార్చుకుని వెళ్ళాలా? అరకు వెళ్ళినప్పుడు మాత్రం ఏం తేడా కనిపించలేదు.
– విశాఖపట్నం

అరకు తొమ్మిది వందల మీటర్ల పైచిలుకు, గాలి పది శాతం లోపే పలచబడుతుంది, మీకు తెలియకపోవడం మామూలే. లద్దాఖ్‌లోని ఖర్దూంగ్ లా కనుమ 5,359 మీటర్లు, అక్కడ గాలి మన సముద్రతీరంతో పోలిస్తే సగానికి కాస్త పైన. గాలి తగ్గి పెట్రోల్ అంతే పడుతుంది కాబట్టి బండి చిక్కబడి నల్లపొగ కొడుతుంది. సీవీ కార్బురేటర్ స్లయిడ్ రకం కన్నా దీన్ని కొంత తట్టుకుంటుంది, అందుకే చాలామంది ఏమీ మార్చకుండానే వెళ్ళొస్తారు, పవర్ తగ్గిందని తిట్టుకుంటూ. ఏ జెట్టు వేసినా ఆ పవర్ పూర్తిగా రాదు, పీల్చడానికి గాలే లేనప్పుడు జెట్టు ఏం చేస్తుంది?

మీరూ మార్చకుండానే బయల్దేరండి. స్పేర్ ప్లగ్గులు, శుభ్రమైన ఫిల్టర్, ఒకటి రెండు సైజులు చిన్న మెయిన్ జెట్లు సంచిలో ఉంచుకోండి. ప్లగ్గు పదే పదే నల్లబడి బండి మొరాయిస్తేనే చిన్న జెట్టు వేయండి. వేస్తే మాత్రం దాన్ని తీసే రోజు కూడా అప్పుడే అనుకోవాలి. కొండ దిగి గాలి చిక్కబడేకొద్దీ ఆ చిన్న జెట్టే ఇంజిన్‌ని మాడుస్తుంది, అదీ మైదానంలో ఎండలో, లగేజీతో, గంటలకొద్దీ ఒకే స్పీడు మీద. కాబట్టి మనాలి వైపు దిగితే మనాలిలోనే, శ్రీనగర్ వైపు దిగితే శ్రీనగర్‌లోనే పాత జెట్టు వేసుకుని అప్పుడు ముందుకు కదలండి.